ఫోటో కింది పేరు

పెళ్ళి సీడీలో బతికున్నవాళ్ళు కదులుతారు, పోయినవాళ్ళు కదలరు. చిత్తూరు బస్టాండు వెనక సందులో ఒక వీడియో మిక్సింగ్ షాపులో ఏడేళ్ళు పనిచేసి నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. పెళ్ళికొడుకు తండ్రి ఉంటే పందిట్లో తిరుగుతూ ఏదో ఒక క్యాసెట్లో దొరుకుతాడు. ఆయన మొహం దగ్గర ఒక్క క్షణం ఆపి కింద పేరు వేస్తాం. లేకపోతే ఇంటివాళ్ళు గోడ మీంచి దించిన ఫోటో తెచ్చిస్తారు. మాకు ఫోటో వచ్చిందంటే ఆ మనిషి లేనట్టే. ఆ మాట ఎవరూ నోరు తెరిచి చెప్పేవాళ్ళు కాదు, మేమూ అడిగేవాళ్ళం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళు. షాపు ఓనరు పెళ్ళిళ్ళకు పోయి వీడియో తీసుకొస్తే, నేను కంప్యూటర్ ముందు కూర్చుని కోసి అతికించేవాణ్ణి. పేర్లు వేయడమంటే నాకు మహా పట్టింపు. పక్క షాపులవాళ్ళు అక్షరాలను గిరగిరా తిప్పేవాళ్ళు, గులాబీ పువ్వులోంచి పుట్టించేవాళ్ళు, నిప్పు పెట్టి కాల్చేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. చదవడానికి వేసిన పేరును చదవనివ్వాలి కదా. పైగా మన అక్షరాలతో ఇంకో తిప్పలుండేది. ఇంగ్లీషు అక్షరాలకని కట్టిన గడిలో మన వత్తులు పట్టేవి కావు, కిందికి దిగిన తోకలు సగానికి తెగిపోయేవి. ఒక్కొక్క పేరుకూ సైజు, రంగు, అంచు, నీడ, కింద ఖాళీ చేత్తో సరిచేసుకుంటూ పోతే ఒక్క పెళ్ళికే పూట గడిచిపోయేది.

ఆ కొలతలన్నీ ఒకసారి సరిచేసి, ఒక పేరు పెట్టి దాచుకోవచ్చని, తరవాత ఏ అక్షరాలకైనా ఒక్క నొక్కుతో తొడగొచ్చని నాకు నేనే కనుక్కున్నాను. అట్లా దాచుకున్నదాన్ని స్టైల్ అంటారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు వారం రోజులు కూర్చుని షాపుకు కావలసిన స్టైళ్ళన్నీ తయారు చేశాను. పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ ఒకటి. బతికున్న పెద్దలకు ఒకటి, పసుపు అక్షరం, చుట్టూ కుంకుమ రంగు అంచు. పోయినవాళ్ళకు ఒకటి, తెల్లటి అక్షరం, వెనక నల్ల నీడ, పక్కన సన్నగా వెలిగే దీపం. ఆ మూడోదానికి ‘ఫోటో’ అని పేరు పెట్టాను. వీటిలో ఉన్న సుఖమేమిటంటే, స్టైల్‌ను ఒకచోట మారిస్తే చాలు, దాన్ని తొడిగిన పేర్లన్నీ ఏ పెళ్ళిలో ఉన్నా వాటంతటవే మారతాయి. ఓనరుకు చూపించి మురిసిపోయాను. ఆయన అంతా చూసి, “బాగుండాదప్పా, ఇంక నీకు పనేముండాది” అని నవ్వి టీ తెప్పించాడు.

ఒకరోజు పొద్దున ఐరాల నుంచి ఒకామె వచ్చింది. అంతకు పది రోజుల ముందు ఆమె కొడుకు పెళ్ళి మా ఓనరే తీశాడు. నలభై అయిదేళ్ళుంటాయి. నుదుట పెద్ద బొట్టు, కాళ్ళకు మెట్టెలు. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి చిన్న ఫోటో ఒకటి తీసి నా టేబుల్ మీద పెట్టింది. ముప్పై దాటిన మనిషి, ఒత్తయిన మీసం, చొక్కా పై గుండీ కూడా పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

“పెండ్లికొడుకు నాయన,” అంది.

నేను ఫోటో స్కానర్ మీద పెడుతూ, “ముందర కీర్తిశేషులు అని వెయ్యాల గదమ్మా?” అన్నాను.

“ఆయన పోయినాడని నీకెవురు సెప్పినారు?”

గొంతు పెంచలేదు. నేనే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు కూర్చుని చెప్పింది. పద్నాలుగేళ్ళ కిందట ఆయన బెల్లం లోడుతో లారీలో వేలూరు పోయాడు. మండీలో బెల్లం దించాక టీ తాగొస్తానని రోడ్డు దాటాడు. లారీ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. వెతకాల్సిన చోటల్లా వెతికారు. పోలీసులకు చెప్పారు. అప్పటికి కొడుక్కు తొమ్మిదేళ్ళు.

“కీర్తిశేషులని పెట్టొద్దు. దీపమూ వద్దు. అందరి పేర్లు ఎట్ల వేస్తావో ఆయన పేరూ అట్లే పసుపచ్చగా వెయ్యి నాయనా,” అంది.

అట్లాగే వేస్తానన్నాను. ఆమెను చూసి జాలిపడి అన్న మాట కాదది. ఆ పెళ్ళి క్యాసెట్లు నేను అప్పటికే చూసి ఉన్నాను. ఎడిటింగ్ చేసేవాడు పెళ్ళిలో ఉన్నవాళ్ళు చూడనివి కూడా చూస్తాడు. తల్లిదండ్రులు కూర్చోవలసిన పీటల మీద పెళ్ళికొడుకు పెదనాయన, పెద్దమ్మ కూర్చున్నారు. ఈమె స్తంభం పక్కన నిలబడి ఉంది. ముత్తైదువలకు బొట్టు పెడుతూ ఒకావిడ కుంకుమ భరిణె పట్టుకుని వరసగా వస్తోంది. ఈమె ముందుకొచ్చేసరికి ఆగింది. పెట్టాలో వద్దో తెలియక ఒక్క క్షణం అట్లాగే నిలబడి, తరవాత పక్కామె వైపు తిరిగింది. ఈమె అంతకుముందే కొంచెం ముందుకు వంచిన తలను మళ్ళీ పైకెత్తుకుంది. ఆ ముక్కను నేను వెనక్కి తిప్పి మూడుసార్లు చూసి, కోసి పారేశాను. ఏ పెళ్ళిలోనూ నాకు అంత కోపం రాలేదు.

మర్నాడు ఆ పెదనాయన వచ్చాడు. తెల్లపంచె, పెద్దరికం. కూర్చోమన్నా కూర్చోలేదు.

“పన్నెండేండ్లు కనపడకపోతే దర్భబొమ్మ కాల్సి కర్మ సేసేది మన ఆచారం గదప్పా,” అన్నాడు. “పన్నెండు పోయి పద్నాలుగాయ. నా తమ్ముడు నాకు మాత్రం తీపి కాదా? ఆయమ్మ వినదు. ఊరంతా సూసే సీడీ ఇది. తెల్లగా వేసి దీపం పెట్టు.”

“ఆర్డరిచ్చింది ఆయమ్మ గదన్నా. ఆయమ్మ సెప్పినట్టే సేస్తా,” అన్నాను.

“సిన్నోడివి, నీకు తెలీదు,” అని వెళ్ళిపోయాడు. ఆయన మెట్లు దిగి పోయిందాకా చూసి, ఏదో ఘనకార్యం చేసినట్టు కాలరు సర్దుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆ తరవాత నేను చేసింది ఇది. ఫోటో కింద పేరు ఎక్కడ కూర్చోవాలి, ఎంత సైజులో ఉండాలి అన్న కొలతలన్నీ ‘ఫోటో’ స్టైల్లో ఉన్నాయి. ఆమె కోసం కొత్తగా ఒక స్టైల్ కట్టి వేరే పేరు పెట్టాలి. రెండు నిమిషాల పని. బద్ధకించి, ‘ఫోటో’ స్టైల్‌నే తెరిచి తెలుపు తీసి పసుపు పెట్టాను, దీపం ఆర్పేశాను. తరవాత మార్చుకోవచ్చులే అనుకున్నాను. ఆయన పేరు పసుపు రంగులో చక్కగా వచ్చింది. మా షాపులో ఫోటోకు పసుపు పేరు పడడం అదే మొదలు.

మూడు రోజులకు పూతలపట్టు నుంచి ఒక పెద్దాయన సంవత్సరీకం పని వచ్చింది, పాత ఫోటోలన్నీ పేర్చి సీడీ చెయ్యాలి. ‘ఫోటో’ స్టైల్ తొడిగితే పేరు పసుపుగా వచ్చింది. అరే అని నాలిక కరుచుకుని స్టైల్‌ను మళ్ళీ తెలుపుకు మార్చాను, దీపం వెలిగించాను. ఆ పని ముగించి ఐరాల పెళ్ళి తెరిచాను. తెరవగానే తెర మధ్యలో ఒక గడి వచ్చింది, ఇంగ్లీషులో నాలుగు వరసలు. మీరు వాడిన స్టైల్ ఒకటి మారింది, ఈ పెళ్ళిలో కూడా మార్చమంటారా అని దాని అర్థం. అట్లాంటి గడులు రోజుకు పది వచ్చేవి. చదవకుండా ఓకే నొక్కాను.

అంతా కలిపి సీడీగా కట్టడానికి కంప్యూటర్‌కు ఒక పగలు పట్టింది. మొదటి నిమిషం చూశాను, పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ బాగున్నారు. చివర చూశాను, అదీ బాగుంది. ఫోటో ఉన్నది నాలుగో నిమిషంలో. నేను చూడలేదు. కొడుకు వచ్చి సీడీలు తీసుకుపోయాడు.

ఇరవై రోజుల తరవాత ఆ అబ్బాయి మళ్ళీ వచ్చాడు. అదే ప్లాస్టిక్ కవరు, అదే ఫోటో.

“దీన్ని పెద్దది సేసి ఫ్రేము కట్టియ్యాలన్నా. వచ్చే నెల కర్మ పెట్టుకున్నాం,” అన్నాడు.

“ఎవురికి?”

“నాయనకు.”

నా మొహంలో ఏం కనిపించిందో, తనే చెప్పుకొచ్చాడు. “అమ్మ ఒప్పుకునిందన్నా. నోటితో ఏం సెప్పలేదు. సీడీలో అట్ల వేయించింది గదా. ఇంటినిండా జనం, అందరం టీవీ ముందర కూర్చోనుంటిమి. నాయన ఫోటో వచ్చింది. పేరు తెల్లగా, పక్కన దీపం. నేను తిరిగి అమ్మను సూసినా. అమ్మ తల దించుకునింది. అంతేన్నా, నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడు పెదనాయన కర్మ మాటెత్తితే అమ్మ సరే అనింది.”

నేను ఫోటో తీసుకున్నాను. ఏ సైజు కావాలో అడిగాను. చెక్కఫ్రేమా, బంగారు రంగు ఫ్రేమా అని కూడా అడిగాను. అది నా తప్పు బాబూ, మీ అమ్మ వేయించలేదు అని ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. పిరికితనం, ఇంకేం లేదు. అబ్బాయి వెళ్ళాక కంప్యూటర్లో ఆ పెళ్ళి తెరిచి నాలుగో నిమిషానికి పోయాను. తెల్లటి పేరు. పక్కన దీపం ఆడుతూ ఉంది. దాని మంట సన్నగా వణికేట్టు చేయడానికి నేను ఒక మధ్యాహ్నమంతా కష్టపడ్డాను.

ఓనరుకు చెప్పాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, “ఈ పొద్దు కాకపోతే రేపైనా సేసేదే గదప్పా. పద్నాలుగేండ్లాయ. కెలకబాకు,” అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేదని అనను. కానీ నాకు అన్నం సహించలేదు. ఆమె మెడలో తాళి తీస్తారు, బొట్టు తుడుస్తారు. రేపో ఎల్లుండో ఆ మీసాల మనిషి ఐరాల బస్సు దిగి ఇంటికొస్తే? నేను చదవకుండా నొక్కిన ఒక్క నొక్కుకు ఆమె భర్త బతికుండగానే విధవ అయినట్టే కదా.

ఆదివారం బస్సెక్కి ఐరాల పోయాను. ఇల్లు అడిగి పట్టుకునేసరికి ఎండ ముదిరింది. కొడుకూ కోడలూ కాణిపాకం గుడికి పోయి ఉన్నారు. ఆమె ఒక్కతే దొడ్లో ఆవుకు గడ్డి వేస్తోంది. నన్ను గుర్తుపట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో మజ్జిగ తెచ్చింది. నేను తాగకుండా కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. స్టైలు, గడి, ఓకే అంటే ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు. మళ్ళీ మొదలుపెట్టాను.

“ఒకే గోళెంలో సున్నం కలిపి రెండిండ్లకు కొడతాం గదమ్మా. మీ ఇంటికని గోళెంలో పసుపు కలిపినా. ఇంకో ఇంటికని దాంట్లోనే మళ్ళీ తెలుపు కలిపినా. మీ గోడకూ అదే పడింది. సూసుకోకుండా ఇచ్చేసినా.”

ఈసారి అర్థమైంది. గడ్డి అంటిన చేతులు చీరకు తుడుచుకుంటూ నా ఎదురుగా మెట్టు మీద కూర్చుంది.

“అంటే, మావాడు నీతో సెప్పలేదా?”

“లేదమ్మా.”

“వాళ్ళ పెదనాయన?”

“అడిగినాడు. నేను కుదరదన్నా.”

చీరకు అంటుకున్న గడ్డిపోచ ఒకటి తీసి పారేసింది. తరవాత, “నేను మావాడే వేయించినాడనుకున్నా,” అంది. “నాతో సెప్పలేక నీతో సెప్పుకున్నాడేమో అనుకున్నా. అందుకే నేను తల దించుకునింది.”

“మీరే వేయించినారని మీవాడు అనుకుంటా ఉండాడమ్మా. నేను ఉండి, గుడి నుంచి వచ్చినాక సెప్పేసి పోతా. కర్మ ఆపేయండి. సీడీలన్నీ మళ్ళీ సేసిస్తా.”

“వద్దు,” అంది.

ఆ మాట కోసం నేను తయారై రాలేదు. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమో, ఎట్లా ఓదార్చాలి అని బస్సులో దారి పొడవునా ఆలోచించుకుంటూ వచ్చాను.

“ఆయన రాకుండా పోయినప్పుడు మావాడికి తొమ్మిదేండ్లు,” అంది. “ఒకరోజు ఇట్లే ఈడ కూర్చోని ఏడ్సబోయినాడు. నేనే కసిరినా. మీ నాయనకేమైందని ఏడుస్తావు, వస్తాడు పో అని. అంతే. ఆ పొద్దు నుంచి వాడు నా బొట్టు సూసేది, నోరు మూసుకునేది. ఇంకెప్పుడూ ఏడ్సలేదు. పెండ్లిలో నాయన లేడని కూడా ఏడ్సలేదు. మొన్న టీవీ ముందర ఏడ్సినాడు. తొమ్మిదేండ్ల పిల్లోడు ఏడ్సినట్టే ఏడ్సినాడు. కొత్త పెండ్లాం పక్కనుందని కూడా సూడలేదు. ఇప్పుడు పోయి, అది తప్పంట, నీ ఏడుపు ఆపుకో అని సెప్పమంటావా నన్ను?”

“మరి మీరమ్మా?” అన్నాను.

“నాదేముండాది. ఆయన వస్తాడనే అనుకుంటా ఉండాను. ఈ పొద్దు పొద్దన్నే లేసినప్పుడూ అనుకున్నా. రేపూ అనుకుంటా. దానికి బొట్టెందుకు?”

మజ్జిగ తాగమని చెంబు నా వైపు జరిపింది. తాగాను. లేచి చెప్పులేసుకుంటుంటే మళ్ళీ పిలిచింది.

“నువ్వు సేసింది తప్పే నాయనా. ఏదో మంచికే జరిగిందని నేను అననులే. నువ్వూ అనుకోవద్దు. రేపు ఆయన వస్తే మాత్రం నువ్వే వచ్చి సెప్పాల. ఈయమ్మ నిన్ను సంపుకోలేదు, తప్పు నాదీ అని.”

“వస్తానమ్మా,” అన్నాను.

“మావాడికి ఎప్పుడూ సెప్పొద్దు.”

సరేనన్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తల తువ్వాలుతో కప్పుకుని ఏడ్చాను. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ పని గురించి నేను ఏడ్చింది లేదు.

ఫోటో పెద్దది చేసి ఇచ్చాను. కర్మ జరిగిందని ఓనరు చెప్పాడు. నన్ను పిలిచారు గానీ పోలేకపోయాను.

రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె షాపుకు వచ్చింది. నుదురు బోసిగా ఉంది. కాళ్ళ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను, మెట్టెలు లేవు. ఓనరు లేడని తెలుసుకుని లోపలికొచ్చి నా పక్క స్టూలు మీద కూర్చుంది.

“ముందర నేను సెప్పినట్టు ఒకసారి వేసి సూపిస్తావా?” అంది.

ఈసారి ‘ఫోటో’ స్టైల్ జోలికి పోలేదు. కొత్తది కట్టాను. సైజు కొలిచాను, వత్తు కింద ఖాళీ వదిలాను, పసుపు పెట్టాను, కుంకుమ రంగు అంచు పెట్టాను. ఆయన పేరొక్కదానికే తొడిగాను. ఆమె కదలకుండా చూస్తూ కూర్చుంది. నాలుగో నిమిషంలో ఆపాను. మీసాల మనిషి, పై గుండీ పెట్టుకుని, కింద పసుపు పేరు.

ఆమె తెరకు దగ్గరగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆ పేరు చదివింది. పద్నాలుగేళ్ళలో ఆమె నోట ఆ పేరు వచ్చిందో లేదో నాకు తెలియదు, మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు.

“సీడీ సేసియ్యనా అమ్మా?” అన్నాను.

“వద్దు. ఇంట్లో ఉంటే వాడికి కనపడుతుంది. దీంట్లోనే ఉండనీ. నేను పోయినాక సెరిపెయ్యి.”

ఆ రోజుల్లో కంప్యూటర్లో చోటు చాలక, సీడీ ఇచ్చిన నెలకే పెళ్ళిళ్ళను చెరిపేసేవాళ్ళం. దాన్ని మాత్రం చెరపలేదు. ఆమె చిత్తూరు వచ్చినప్పుడు రెండుమూడుసార్లు వచ్చి చూసుకుని పోయింది. తరవాత రావడం మానేసింది. షాపు మూసేశాక నేను తిరుపతిలో పనికి కుదిరాను. ఆ ఒక్క పెళ్ళినీ డిస్కులోకి ఎక్కించుకుని వెంట తెచ్చుకున్నాను. కంప్యూటర్ మారినప్పుడల్లా ముందుగా దాన్నే కొత్తదాంట్లోకి ఎక్కిస్తాను.

ఆమె ఉందో లేదో నాకు తెలియదు. తిరుపతి నుంచి ఐరాల ఒక పూట ప్రయాణం. పోయి అడిగితే తెలిసిపోతుంది. ఇన్నేళ్ళుగా నేను పోలేదు.